హంసవల్లికి తలంటు

వేలాపురి రేవు మీద గాలి మళ్ళింది.

నైరుతి గాలి అలిసిపోయి, ఈశాన్యపు గాలి తొలిసారిగా తెరచాపల్ని తట్టే రోజును ఆ రాజ్యంలో గాలిపూజ అంటారు. సూర్యుడు సముద్రంలోంచి తల ఎత్తేసరికే రేవు పొడుగునా పందిళ్ళు లేచాయి. పగడపు కొమ్మల తోరణాలు, శంఖాలు గుచ్చిన దండలు, నుదుట ముత్యాల జాలరులు వేలాడే పట్టపుటేనుగులు, పట్టుగొడుగుల నీడన సామంతులు, వాళ్ళ వెనక వింజామరల తెల్లని కదలిక. నీలాలు నూరి పోసినట్టున్న నీటి మీద పొద్దుటెండ పుప్పొడిలా తేలుతోంది. రేవు ముఖద్వారానికి కాపలాగా నిలిచిన జంట శిలల మధ్య నుంచి అలలు ఒకదాని వెనక ఒకటి, కొలువుకి వచ్చే నర్తకీమణుల్లా వయ్యారంగా లోపలికి వస్తున్నాయి.

ఇంత వైభవంలోనూ కుందమ కంటికి ఆ రేవు, పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా బోసిగా కనిపించింది.

ఆమె ముఖానికి పసుపు దట్టంగా పూసుకుని, కనుబొమల మధ్య పట్టనంత పెద్ద బొట్టు పెట్టుకుని ముత్తైదువల వరసలో చివర నిలబడి ఉంది. ఎవరైనా అడిగితే పూలమాలలు కట్టే వీధి కోడలినని చెప్పాలి. నిజానికి ఆమె ఓడసెట్ల ఇంటి ఆడపడుచు. ఆ ఇంటివాళ్ళలో ఎవరు వేలాపురి నేల మీద కాలు పెట్టినా తల తీసెయ్యమని రాజశాసనం ఉంది.

ఆమె వెనకే నూనె కుండ భుజాన పెట్టుకుని ఎర్రపోతు నిలబడ్డాడు. ఒకప్పుడు ఓడసెట్ల ఓడకి చుక్కాని పట్టిన మనిషి. ఎవరూ ఆనవాలు పట్టకుండా తన తెల్లటి గుబురు మీసాలు గొరిగించుకుని వచ్చాడు.

"మీసం లేకపోతే గాలి ఎటునుంచి ఈస్తందో కూడా తెలవట్లేదు తల్లీ," అని గొణిగాడు.

"మెల్లిగా మాట్లాడు పోతుమామా. మీసం మళ్ళీ వస్తుంది. తల రాదు."

వాళ్ళ ఎదుట, రేవు గోడకి లావుపాటి మోకులతో కట్టేసి ఉంది హంసవల్లి.

కుందమ చిన్నప్పుడు ఈ రేవు మాట్లాడేది. వేలాపురిలో ఓడల్ని కట్టేవారు కాదు, పెంచేవారు. ఉప్పునీటి పాయల్లో మొలిచే ప్రాణవృక్షాన్ని నరక్కుండా, లేతగా ఉన్నప్పటి నుంచే వంచి, అల్లి, దారి చూపి, ఓడ ఆకారానికి తెచ్చేవారు. తాత నాటితే మనవడు ఎక్కేవాడు. అలా ఎదిగిన ఓడకి ప్రాణం ఉండేది, మనసుండేది, దూలాల్లోంచి పలికే గొంతుండేది. పొద్దున్నే ఓడలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. "రాత్రి పోటుకి నిద్ర పట్టిందా వదినా" అని ఒకటంటే, "నీ లంగరు గొలుసు గోలకి ఎక్కడ పడుతుందమ్మా" అని ఇంకోటి దెప్పేది. ఆ మాటలు వింటూ కుందమ అమ్మమ్మ ఒళ్ళో కూచుని చద్దన్నం తినేది. ఏ ఓడ ఎవరితో తగువు పడిందో, ఏ ఓడ ఏ దీవి నుంచి ఏ కబురు మోసుకొచ్చిందో వీధిలో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది.

తరవాత ధూమకేశుడు వచ్చాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. మాంత్రికుడిగా వచ్చి, రాజుగారి తలనొప్పి తగ్గించి, రాజగురువై కూచున్నాడు. మాట్లాడే ఓడలు వర్తకుల మాట తప్ప రాజుగారి మాట వినవని ఆయన చెవిలో నూరిపోశాడు. ఒక్కో ఓడా ఎటో మాయమైంది. వర్తక కుటుంబాలు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. అన్నీ మాయమైతే ప్రజలు నిలదీస్తారని హంసవల్లిని మాత్రం పండగకి అలంకారంగా ఉంచారు. గాలిపూజ నాడు దానికి ముత్తైదువలు తలంటడం పూర్వపు ఆచారమే. కాని ఆ నూనె ఇప్పుడు రాజగురువు మందిరం నుంచి వస్తుంది. ఏటా ఆ నెలలోనే ఆ మందిరానికి బస్తాలకొద్దీ మత్తుగడ్డ వెళుతోందని పరాయి దేశంలో ఒక మూలికల వర్తకుడు చెప్పగా విన్నప్పుడు, తన ఓడ ఎందుకు నిద్ర లేవడం లేదో కుందమకి అర్థమైంది.

ఆ మందు నూనెని ఎర్రపోతు ఇందాకే మెట్ల మలుపులో సముద్రంలోకి ఒంపేశాడు. ఇప్పుడు అతని భుజం మీదున్నది మిరియాలూ వాముపువ్వూ వేసి కాచిన అసలైన నువ్వులనూనె.

మేళాలు మోగాయి. ముత్తైదువలు పరంజా ఎక్కారు. ఎత్తైన వేదిక మీద రాజుగారి పక్కన ధూమకేశుడు కూచుని ఉన్నాడు. అతని జుట్టు భుజాల మీద వాలదు. పొగలా ఎప్పుడూ మెల్లగా పైకి లేస్తూనే ఉంటుంది.

కుందమ చేరెడు నూనె తీసుకుని ఓడ ముందుకొస మీద పెట్టింది. అక్కడ చెట్టు తనంతట తానే హంసమెడలా వంగి పెరిగింది. అందుకే ఆ పేరు. వేళ్ళ కింద చెక్క రాయిలా బిగుసుకుని ఉంది. అమ్మమ్మ రుద్దినట్టే ముందు మాడు మీద, తరవాత కణతల మీద, ఆ తరవాత చెవుల వెనక రుద్దింది. అమ్మమ్మ తలంటుతూ తిట్టేది. తిట్టకపోతే నూనె ఇంకదని ఆవిడ నమ్మకం. కుందమ కూడా పెదవులు కదిలీ కదలకుండా మొదలుపెట్టింది.

"ఒళ్ళంతా ఉప్పు పేరుకుపోయింది. చూసేవాళ్ళు లేకపోతే మాత్రం ఇలాగా ఉండేది. నత్తలు పట్టాయి, పాచి పట్టింది. లే, లేచి కూచో. పొద్దెక్కింది."

చెక్క లోపల ఎక్కడో చిన్న వణుకు పుట్టింది. అది ఆమె అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది.

"నూనె చల్లగా ఉంది," అంది హంసవల్లి. "మీ అమ్మమ్మ గోరువెచ్చగా చేసి పోసేది."

కుందమ చేతులు ఆగిపోయాయి.

"వెచ్చబెట్టడానికి వీలు పడలేదు హంసవ్వా. చుట్టూ భటులున్నారు."

"భటులకేం తెలుసే తలంటు సంగతి. చెవి వెనక రుద్దు. ఆ, అక్కడే. ఎవరి పిల్లవు? చెయ్యి మా గౌరసాని చెయ్యిలాగే ఉంది."

"గౌరసాని కూతుర్ని. కుందమని."

"కుందివా. నా చుక్కాని నిండా మామిడితాండ్ర పూసినదానివి నువ్వే కదూ. చీమలు పట్టి నెలరోజులు చచ్చాను."

కుందమకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అవ్వా, నిద్ర లేచినట్టు ఎవరికీ తెలియనివ్వకు. కాసేపు కదలకుండా ఉండు."

"ఇన్నేళ్ళు పడుకుని లేచాక ఒళ్ళు విరుచుకోకుండా ఎలా ఉంటానే," అంటూనే హంసవల్లి ఒళ్ళు విరుచుకుంది.

దూలాలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఎండి మోడైన తెరచాప కొయ్య కొసన ఎర్రటి చిగురు పొటమరించింది. చూస్తూ ఉండగానే అది కొయ్య పొడుగునా పాకి, లేత మావిడాకుల్లా గాలికి తళతళలాడింది. మేళాలు ఆగిపోయాయి. గుంపులో ఒక ముసలాయన తలపాగా తీసి చేతులు జోడించాడు. వేదిక మీద ధూమకేశుడు లేచి నిలబడ్డాడు.

"ఆ చివర నిలబడిన ఆడదాన్ని పట్టుకోండి," అన్నాడు.

భటులు పరంజా మీదికి ఎగబడ్డారు. ఎర్రపోతు భుజం మీది కుండని వాళ్ళ కాళ్ళ ముందు పగలేశాడు. మిరియాల నూనె మీద కాలు పెట్టినవాడల్లా జారి, వెనకవాణ్ణి పట్టుకుని, ఇద్దరూ కలిసి మూడోవాడి మీద పడ్డారు. ముత్తైదువలు చీరలు ఎగ్గట్టి మెట్లకేసి పరుగు తీశారు. కుందమ పరంజా అంచు మీంచి ఓడలోకి దూకింది. ఎర్రపోతు నడుముకి దోపుకున్న చేగొడ్డలితో ఒక మోకు తెగనరికి, రెండో మోకు పట్టుకుని వేలాడుతూ ఓడకేసి ఊగాడు. హంసవల్లి ఒక్క విదిలింపు విదిలించింది. రేవు గోడ రాళ్ళతో సహా మిగిలిన మోకులు ఊడొచ్చాయి.

"పట్టు పోతూ చుక్కాని," అంది ఓడ. "నీ మీసాలేవిరా?"

"తరవాత సెబుతాను హంసమ్మా. ముందు కదులు."

తెరచాప దానంతటదే విచ్చుకుంది. ఈశాన్యపు గాలి ఎదురుగా కొడుతున్నా హంసవల్లి ఏటవాలుగా ఒరిగి, గాలిని కోసుకుంటూ పోయింది. వెనక రాజుగారి యుద్ధనౌకలు తెడ్లు వేస్తూ బయల్దేరాయి. అన్నిటికంటే ముందున్న నౌక కొసన ధూమకేశుడు నిలబడి ఎముకతో చేసిన కొమ్ము ఎత్తి ఊదాడు.

ముఖద్వారపు శిలల్లో ఒకటి కళ్ళు తెరిచింది.

అది శిల కాదు. శిల మీద చుట్టలు చుట్టుకుని పడుకున్న అగ్నిసర్పం. చింతపండుతో తోమిన రాగిబిందెల్లా ఎర్రగా మెరిసే పొలుసులు, రథచక్రాలంత కళ్ళు, విప్పితే రేవు సగం నీడ పడేంత రెక్కలు. అది లేచిన ఊపుకి సముద్రం పళ్ళెంలో నీళ్ళలా తొణికింది.

"ఉల్క," అంది హంసవల్లి మెల్లిగా. "ఎంత చిక్కిపోయిందో చూడు."

కుందమకి ఉల్క తెలుసు. ప్రతి ఏడూ గాలి మళ్ళగానే ఓడసెట్ల ఓడలు దాని గూటికి చందనపు దుంగలు మోసుకెళ్ళేవి. చందనం మీద తప్ప అది గుడ్డు పెట్టదు. అందుకు బదులుగా అది ఓడలకి ముందు ఎగురుతూ, నీటిసుడులు లేస్తే రెక్కతో కొట్టి చెదరగొట్టేది. ఒకసారి కుందమ దాని ముక్కు మీద చెయ్యి వేసి చూసింది కూడా. పొయ్యి మీంచి దింపిన మూకుడులా వేడిగా ఉంది.

"ఉల్కా," ధూమకేశుడి గొంతు నీటి మీదుగా వచ్చింది. "ఆ ఓడ కొయ్య విరిచి నా దగ్గరికి ఈడ్చుకు రా. నిప్పు మాత్రం ఊదకు. చెప్పినట్టు చెయ్యకపోతే నీ గుడ్డు నీకు దక్కదు."

కుందమ ఉలిక్కిపడింది. పట్టుకుంటే ఎలాగూ నా తల తీయిస్తాడు కదా, ఓడతో పాటు నేనూ కాలిపోతే వీడికేం నష్టం?

"కుందీ," అంది హంసవల్లి, "నిద్రలో కూడా నా కడుపులో ఏదో కుంపటి పెట్టినట్టుండేది. ఇప్పటికీ ఉంది. పోయి చూడు."

ఆమె ఓడ అడుగు అరలోకి పరిగెత్తింది. ఇసుక బస్తాల మధ్య ఇనప పెట్టె ఉంది. మూత తీసేసరికి వేడి ముఖాన కొట్టింది. లోపల బూడిద మధ్య గుమ్మడికాయంత గుడ్డు, పెంకు కింద నిప్పు కదులుతున్నట్టు ఎర్రగా వెలుగుతోంది. ఉల్క ఊళ్ళో ప్రతి మేడా తగలబెట్టి వెతకగలదు. కాని పాత స్నేహం కొద్దీ ఓడసెట్ల ఓడని మాత్రం తాకదు. ఆ ఓడ నిద్రలో ఉంటే తన కడుపులో గుడ్డుందని చెప్పడానికీ వీలుండదు. ధూమకేశుడికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఓడ కాలితే గుడ్డు బయటపడుతుందనే నిప్పు ఊదవద్దన్నాడు.

కొంగు చేతులకి చుట్టుకుని గుడ్డుని పైకి తెచ్చేసరికి ఉల్క గోళ్ళు తెరచాప కొయ్యని పట్టేశాయి. లేత చిగురు రాలిపోతోంది. హంసవల్లి దూలాల్లోంచి మూలుగుతోంది.

ఎర్రపోతు గుడ్డుని చూశాడు. చూడగానే అతనికి సంగతి తెలిసిపోయింది.

"తల్లీ, అది ఇవ్వబోకు," అన్నాడు గబగబా. "అది మన సేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ పాము మన మాట ఇంటది. మనోళ్ళని ఎళ్ళగొట్టిన ఆ కోట రేపీపాటికి నీదవుతది."

కుందమ వేదిక వైపు చూసింది. దూరంగా పట్టుగొడుగు కింద రాజుగారు చిన్న బొమ్మలా కనిపిస్తున్నారు. తాను పుట్టిన వీధి ఆ వెనకే ఉంది. ఇంటి అరుగు మీద ఇప్పుడు ఎవరు కూచుంటున్నారో.

"ఆ ధూమకేశుడూ ఇలాగే అనుకుని ఉంటాడు మామా," అంది.

గుడ్డుని రెండు చేతులా తల పైకి ఎత్తి పట్టుకుంది. కొంగు కమురు వాసన వేసింది. అరచేతులు చురుక్కుమన్నాయి.

"ఉల్కా, నీ బిడ్డ ఇక్కడుంది. తీసుకో."

ఆ పెద్ద తల కిందికి వాలింది. రథచక్రమంత కన్ను ఆమె ఎదుట ఆగింది. "బదులుగా ఏం కావాలి?" అంది అగ్నిసర్పం. ఆ గొంతు కొలిమి తిత్తిలా ఉంది. "వాడు అడిగింది చేశాను. నువ్వూ అడుగు. అలవాటైపోయింది."

"ఏమీ వద్దు. చేతులు కాలుతున్నాయి, త్వరగా తీసుకో."

ఉల్క ఆమెని చాలాసేపు చూసినట్టు అనిపించింది. తరవాత కొయ్యని వదిలేసింది.

"నోట పట్టుకుంటే నిప్పు ఊదలేను," అంది. "నా పని అయ్యేదాకా నువ్వే ఉంచు. ఎక్కడైనా ఇసకలో పెట్టు, మెత్తగా."

అంతే, రెక్కలు విప్పింది. గాలి పిడుగులా కొట్టింది. ముందు వచ్చే నౌక తెరచాప ఒక్క ఊపిరికి కాగితంలా మండిపోయింది. దాని వెనకది, దాని వెనకది, వరసగా దీపాలు వెలిగించినట్టు అంటుకున్నాయి. నావికులు తెడ్లు వదిలేసి నీళ్ళలోకి దూకారు. ఉల్క వాళ్ళని ముట్టుకోలేదు. దానికి కావలసినవాడు ఒక్కడే. ధూమకేశుడు కొమ్ము పారేసి రెండు చేతులూ పైకెత్తాడు. జుట్టు ముందు, తల తరవాత, ఆ పైన ఒళ్ళంతా పొగగా విడిపోయింది. ఆ పొగ ఉల్క గోళ్ళ సందుల్లోంచి జారి, జంట శిలలు దాటి, సముద్రం మీదికి నల్లటి తాడులా సాగిపోయింది.

మధ్యాహ్నానికి వేలాపురి వెనక సన్నటి గీతగా మిగిలింది. సాయంత్రానికి ఆ గీత కూడా లేదు.

సముద్రం సద్దుమణిగింది. ఉల్క గుడ్డుని మెడకింది తోలుసంచిలో దాచుకుని ఓడకి ముందు నీళ్ళలో ఈదుతోంది. పొగ ఎటు పోయిందో ఆ దారి దానికి తెలుసు. మాయమైన ఓడల జాడ కూడా ఆ దారినే దొరుకుతుందని కుందమ ఆశ. కుందమ కాలిన చేతులకి మిగిలిన నూనె రాసుకుని, హంసమెడకి ఆనుకుని కూచుంది. పడమటి ఎండలో ఓడ బల్లలు చిన్నప్పటి రంగులోనే ఉన్నాయి.

"మీ అమ్మ కూడా సరిగ్గా అక్కడే కూచునేది," అంది హంసవల్లి. "గౌరసానికి నడక నేర్పింది ఎవరనుకున్నావు? మీ అమ్మమ్మ కాదు. నేను. పిల్ల ఎటు పడబోతే అటు వైపు నేల పైకి లేచేలా ఒరిగేదాన్ని. సరంగులు నన్ను తిట్టుకునేవారు. సరకంతా దొర్లిపోతోందని."

"అమ్మ ఎప్పుడూ చెప్పలేదు."

"దానికేం గుర్తుంటుంది. పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీద వేస్తారు కదా. మీ అమ్మ మాత్రం ‘నా ఇల్లు ఇదే’ అని నా కొయ్య పగుల్లో దాచింది. ఇప్పటికీ అక్కడే ఉంది. చిన్న ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుంది. తీయించుకోలేదు."

ఓడలు మాయమవుతున్న రోజుల్లో కుందమ తల్లి చిన్న పడవ వేసుకుని వాటిని వెతుక్కుంటూ వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ సంగతి హంసవల్లికి ఎవరూ చెప్పలేదు. అప్పటికే అది నిద్రలో ఉంది. ఇప్పుడు చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ ఉండగా ఉల్క వెనక్కి తిరిగింది.

"ఎదురుగా చూడండి."

ఆకాశానికీ నీటికీ మధ్య తెల్లటి గోడ లేచి ఉంది. దూదిలా మెత్తగా, అంచు కనపడనంత పొడుగ్గా. ధూమకేశుడి నల్లటి పొగ అందులోకి వెళ్ళిన చోట మసిబారిన గుర్తు మాత్రం మిగిలింది.

"అది మరపుమంచు," అంది ఉల్క. "మీ ఓడలన్నిటినీ వాడు దాని అవతలకే తోలాడు. నేను వెనక నుంచి చూశాను. దాటడానికి ఒక్కటే ఉపాయం. లోపల ఎవరో పిలుస్తారు. మీకు కావలసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తారు. పలికినవాళ్ళు అక్కడే ఉండిపోతారు. నేను నీళ్ళ అడుగునుంచి వస్తాను. మీరు పెదవి విప్పకండి."

అంటూ అది మునిగిపోయింది. నీటి కింద రాగిరంగు వెలుగు మాత్రం ముందుకి సాగింది.

ఎర్రపోతు తలపాగా విప్పి నోటికి బిగించి కట్టుకున్నాడు. కుందమ కొంగు పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. హంసవల్లి మంచులోకి జారింది. ఎండ ఆరిపోయింది. తడి దూదిలో నడుస్తున్నట్టు, చప్పుడు లేదు, గాలి లేదు. ముందుకొస కూడా కనపడడం లేదు. మొదట ఎర్రపోతు చెల్లెలి గొంతు వచ్చింది, "అన్నా, బువ్వకి రావా" అని. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, చుక్కాని మాత్రం వదల్లేదు. తరవాత అమ్మమ్మ గొంతు, కుందమని తలంటుకి రమ్మంటూ. కుందమ కొంగు ఇంకా గట్టిగా కరిచింది.

మంచు పలచబడుతోంది. అవతల ఎక్కడో వెలుతురు ఉన్నట్టుంది. నీటి కింద రాగి వెలుగు తొందరపడింది. ఇంకొక్క క్షణం.

అప్పుడు పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, ఒక పసిపిల్ల నవ్వింది. తడి పాదాలు బల్లల మీద తప్పటడుగులు వేస్తున్న చప్పుడు. పడబోయి, తమాయించుకుని, మళ్ళీ పడబోయింది.

"హంసవ్వా," అంది ఆ పిల్ల. "పడిపోతున్నాను, పట్టుకో."

కుందమ రెండు చేతులతోనూ హంసమెడని వాటేసుకుంది. కాని మూయడానికి ఓడకి నోరెక్కడుంది.

ఓడ ఆ అడుగుల వైపు మెల్లిగా ఒరిగింది.

"ఇక్కడే ఉన్నానమ్మా గౌరీ," అంది హంసవల్లి.